ఎడమవైపు పెట్టిన బిరడా

హోటల్ చదువులు పూర్తిచేసి వైన్ వడ్డించే పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ నన్ను వెతుక్కుంటూ ఇంటికి వస్తుంటారు. టీ తాగుతారు. చివరికి అందరూ అడిగేది ఒక్కటే: "మీ సర్వీసులో రుచి చూసిన సీసాల్లో అన్నిటికంటే గొప్పది ఏది సార్?" దానికి నా దగ్గర ఒక జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. అది విని సంతోషపడి వెళ్ళిపోతారు. బల్ల మీదికి వెళ్ళకూడని సీసాను ఎప్పుడైనా పంపారా అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఒక్కసారి పంపాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇప్పటికీ కలలోకి వచ్చేది ఆ ఒక్క మధ్యాహ్నమే. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు, నా పేరు కూడా. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మాది పాతబస్తీలో తరతరాలుగా పాడి చేసుకు బతికిన కుటుంబం. చాంద్రాయణగుట్టలో ఇప్పుడు ఫ్లైఓవర్ దిగే చోటికి కొంచెం ఇవతల మా బర్రెల కొట్టం ఉండేది. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పాలు పోసి, స్నానం చేసి, సైకిల్ మీద కాలేజీకి పోయేవాణ్ణి. డిగ్రీ అయ్యాక, ఒక పాత నవాబుగారి దేవిడీ భవంతిని హోటలుగా మారుస్తున్నారని తెలిసి అక్కడ ప్లేట్లు మోసే పనికి చేరాను.

ఏడాది తర్వాత బొంబాయి నుంచి ఒక పెద్దాయన వచ్చి మా ఆరుగురికి మూడు వారాలు వైన్ పాఠాలు చెప్పారు. ఆఖరి రోజున ఒక పాత ఫ్రెంచ్ ఎర్రవైన్ తలా రెండు గుక్కలు పోసి, వాసన చూసి ఏమనిపిస్తే అది చెప్పమన్నారు. మిగతా ఐదుగురూ పుస్తకంలో ఉన్న పళ్ళ పేర్లు చెప్పారు. ఆ పళ్ళలో సగం నేను చూడనైనా లేదు. "వానకు తడిసి ఆరిన గడ్డి సార్. పాత చెప్పుల తోలు. కొంచెం కొట్టం వాసన గూడ ఉంది" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. తన గ్లాసు మళ్ళీ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, "రేపటి నుంచి ఇతనితో ప్లేట్లు మోయించకండి" అని మా మేనేజరుతో అన్నారు. అట్లా బర్రెల కొట్టమే నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది.

పాత ఎర్రవైన్ గురించి ఈ కథకు కావలసినంతే చెప్తాను. ఇరవై, ముప్పై ఏళ్ళు సీసాలో పడుకున్న, ఫ్రాన్సులోని బోర్డో వైన్‌లో కుర్రతనపు వగరు మెత్తబడుతుంది. దానిమ్మ గింజ రంగు పోయి, గ్లాసు వంచితే అంచు దగ్గర ఇటుక రంగు కనిపిస్తుంది. అడుగున మడ్డి చేరుతుంది. అందుకే వడ్డించడానికి రెండు రోజుల ముందే సీసాను నిలబెట్టి ఉంచాలి. తర్వాత సీసా మెడ కింద దీపం పెట్టి చూస్తూ, మడ్డి కదలకుండా గాజుకూజాలోకి మెల్లగా వంపాలి. బిరడా పెళుసుబారి ఉంటుంది, చెయ్యి తొందరపడితే పొడిపొడిగా లోపల పడుతుంది. ఇదంతా చేతిపని, ఆరు నెలల్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. మిగిలిందంతా ముక్కు పని. తెరిచిన క్షణాన పాత వైన్ ముడుచుకుని ఉంటుంది. కాసేపటికి ఎండిన గులాబీ రేకులు, పొగాకు, తడి మన్ను, ఒక్కొక్క వాసనా బయటికి వస్తుంది. గంట దాటితే వాటిలో కొన్ని వెళ్ళిపోయి ఇక తిరిగి రావు. ఆ మధ్యనున్న కాసేపటి కోసమే అన్నేళ్ళు దాచడం.

అయితే కొన్ని సీసాల్లో బిరడాకే తెగులు ఉంటుంది. ఆ వైన్‌కు తడిసిన అట్టపెట్టె వాసన పడుతుంది. తాగినవాళ్ళకు ఏమీ కాదు, కానీ వైన్ మాత్రం చచ్చినట్టే. అందులో దాచినవాళ్ళ తప్పేమీ ఉండదు. ఎంత చల్లగా దాచినా, ఎంత శ్రద్ధగా చూసుకున్నా ఆగదు. అది బిరడాతో పుట్టిన జబ్బు.

మా సీసాలన్నీ దేవిడీ కింద నేలమాళిగలో ఉండేవి. వాటిని చూసుకునే ఆయన ఇంచుమించు నా ఈడువారే. నేను ఆయన్ను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అన్నా అనేవారు. ఇరవై రెండేళ్ళు కలిసి పనిచేశాం. వాళ్ళది చార్మినార్ దగ్గరి సందుల్లో తాతల నాటి అత్తరు దుకాణం. దాన్ని ఆయన అన్న చూసుకునేవారు. ఈయన మా హోటల్లో సామాన్ల స్టోరులో చేరి, తర్వాత నేలమాళిగకు మారారు. ఇంట్లో మాత్రం ఎప్పటికీ "స్టోర్ల పని" అనే చెప్పుకున్నారు.

భాయ్ చుక్క వైన్ నోట్లో వేసుకోలేదు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. సీసాలు తుడవడం, వరసలు సర్దడం, పూట పూటకూ చల్లదనం చూసి పుస్తకంలో రాయడం, నేను సీసా తెరిచేటప్పుడు పక్కన దీపం పట్టుకోవడం ఆయన పని. "ముట్టుకునుడు నౌకరి అన్నా. దానికి అల్లా మాఫ్ జేస్తడో లేదో నాకు తెల్వదు. గని తాగితే నాకు నేనే మాఫ్ జేసుకోను" అన్నారు ఒకసారి. వాసన మాత్రం చూసేవారు. అత్తరు ఇంట్లో పుట్టిన ముక్కు అది. నేను 'తడి మన్ను' అంటే, "మన్ను గాదన్నా, వాన వడ్డంక పాత గోరీ రాయి లెక్కున్నది" అనేవారు. బర్గండీ అనే ఇంకో ఫ్రెంచ్ వైన్ తెరిచినప్పుడు రెండోసారి వంగి వాసన చూసి, "మా అమ్మ బట్టల సందూక తీసినట్టుంది" అన్నారు. నేను బల్లల దగ్గర చెప్పి అతిథుల మెప్పు పొందిన మాటల్లో సగం ఆయనవే. ఆ సంగతి ఏ అతిథికీ చెప్పలేదు. దాన్ని చిన్న దొంగతనం అనుకోండి.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నాకూ సోకింది. జ్వరం వారంలో తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. నెల ఆగమన్నాడు డాక్టరు. నెల తర్వాత మూడు నెలలు ఆగమన్నాడు. ఆ తర్వాత నేనే వెళ్ళడం మానేశాను. ఒక రోజు వంటింట్లో పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే, పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. నా భార్య పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపి, నా మొహం చూసింది.

"హోటల్ల చెప్పు. ఇంకో పని ఇస్తరు" అన్నది.

చెప్తానన్నాను. చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా అందరూ నన్ను ఒక ముక్కుగానే చూశారు. అది పోయాక మిగిలింది ఎవరో నాకే తెలియలేదు. పైగా రేపో మాపో వస్తుందని ఆశ. రోజూ పొద్దున్నే నిమ్మచెక్క, లవంగం, సబ్బు వరసగా ముక్కు దగ్గర పెట్టుకునేవాణ్ణి. మూడూ ఒకటే. దేనికీ ఏమీ లేదు.

హోటల్ మళ్ళీ తెరిచిన రెండో వారంలో ఒక సీసా తీశాను. గ్లాసులో కొంచెం పోసి, ఎప్పటిలాగే తిప్పి, ముక్కు దగ్గర పెట్టి, "బాగుంది భాయ్" అన్నాను. ఆయన దీపం కింద పెట్టారు. నా చేతిలోని గ్లాసు తీసుకుని ఒక్కసారి వాసన చూశారు.

"సిర్కా అయిందన్నా" అన్నారు. పులిసి వెనిగర్ అయిపోయిందని.

నేను సీసా పక్కకు పెట్టాను.

"ఎప్పటిసంది?" అని అడిగారు.

"జరం వచ్చినప్పటిసంది."

"ఇంట్ల తెలుసా?"

"తెలుసు."

"ఈడ?"

"ఇగ నీకే."

ఆయన ఆ గ్లాసును సింకులో ఒంపి, కడిగి, గుడ్డతో తుడిచి పెట్టారు. తర్వాత, "రిటైర్ గానీకె ఇంకెన్నేండ్లున్నయి?" అన్నారు.

"మూడేండ్లు."

"మూడేండ్లేనా. ఎల్లిపోతయి తియ్. ఫికర్ జెయ్యకు."

సీసా నేను తెరిస్తే, బిరడా అందుకుని పళ్ళెంలో పెట్టడం మొదటినుంచీ ఆయన పనే. దాన్నే గుర్తుగా పెట్టుకున్నాం. బిరడా, సీసా మూతి వాసన చూసి, వైన్ మంచిదైతే బిరడాను పళ్ళెంలో కుడివైపు పెడతారు. చెడితే ఎడమవైపు. ఎవరు చూసినా ఏమీ తెలియదు. ఏమేం వాసనలు ఉన్నాయో మెట్లెక్కే ముందు నాకు చెప్పేవారు. నేను పైకి వెళ్ళి బల్ల దగ్గర అవే ఒప్పజెప్పేవాణ్ణి. దాదాపు రెండేళ్ళు ఇట్లాగే నడిచింది. ఒక్క పొరపాటు జరగలేదు. మునుపటికంటే బాగా చెప్తున్నానని పాత అతిథులు ఒకరిద్దరు అన్నారు కూడా.

అప్పుడే మాకు కొత్త మేనేజరు వచ్చారు. భోజనాల విభాగం అంతా ఆయన కిందే. గుంటూరు వైపు మనిషి, నలభై లోపు వయసు, పనిమంతుడు. చెడ్డవాడని రాయలేను. ఆయన వచ్చీ రాగానే లెక్క తీస్తే, మేము చెడిపోయాయని పక్కన పెట్టే సీసాలు ఈమధ్య పెరిగాయని తేలింది. నిజమే. భాయ్ ముక్కు నాదానికంటే నిక్కచ్చి. నేనైతే సర్దుకుపోయే సీసాలను ఆయన వదిలేవారు కాదు.

"ఏంటండీ మాస్టారూ, ఇదివరకు లేని తెగులు ఇప్పుడెందుకు వస్తోందండీ?" అని అడిగారు మేనేజరు.

"పాత సీసాలు సార్. అట్లనే ఉంటది" అన్నాను.

"అయితే ఇకమీదట తీసేసే ప్రతి సీసాకీ నన్ను పిలవండి. నా ఎదురుగా రుచి చూసి, ఏం చెడిందో చెప్పండి. నేనూ నేర్చుకున్నట్టుంటుంది" అన్నారు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నాకు మాత్రం ఆ రోజునుంచి ఎడమవైపు బిరడా అంటే భయం పట్టుకుంది.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. ఆ దంపతులు మాకు పాత అతిథులు. ఇద్దరూ ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు. చాలా ఏళ్ళ కింద ఫ్రాన్సు వెళ్ళినప్పుడు బోర్డోలో ఒక తోట దగ్గర కొన్న సీసాను మా నేలమాళిగలో దాచమని ఇచ్చారు. పెళ్ళయి నలభై ఏళ్ళు నిండిన రోజున తెరుద్దామని అనుకున్నారట. ఆ రోజు వచ్చేసరికి ఆమెకు క్యాన్సర్ బాగా ముదిరింది. సాయంత్రానికి అలసిపోతుందని భర్త మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేశారు. మొత్తం ఎనిమిది మంది. ఆమె చక్రాల కుర్చీలో, తలకు పట్టు రుమాలు కట్టుకుని వచ్చింది. నన్ను చూడగానే, "మా సీసా ఎలా ఉందండీ?" అని అడిగింది.

"నిద్ర లేపనీకె పోతున్న అమ్మా" అన్నాను. నవ్వింది.

కిందికి దిగాను. భాయ్ దీపం వెలిగించి ఉంచారు. నా వెనకే మేనేజరు కూడా దిగారు. సీసా తెరిచేటప్పుడు ఫోటో కావాలని భర్త అడిగారట, ఫోను పట్టుకుని నిలబడ్డారు. బిరడా విరగకుండా వచ్చింది. భాయ్‌కి అందించాను. ఆయన దాని వాసన చూశారు, సీసా మూతి దగ్గరికి వంగి చూశారు. మొహంలో ఏమీ మారలేదు. బిరడాను పళ్ళెంలో ఎడమవైపు పెట్టారు.

నేను ఒక గుక్క పోసుకుని నోట్లో వేసుకున్నాను. నాలుక పనిచేస్తూనే ఉంది. పులుపు తెలుస్తోంది. వగరు తెలుస్తోంది, అది మెత్తబడి ఉంది. రంగు నిండుగా ఉంది. నాలుకకూ కంటికీ ఏ లోపమూ కనిపించలేదు. భాయ్ మరీ అతి చేస్తున్నారేమో అనిపించింది. అట్లా అనిపిస్తే బాగుండునని నేనే అనుకున్నాను, నిజం చెప్పాలంటే అదీ. పైన ఆమె ఎదురుచూస్తోంది. ఇక్కడ మేనేజరు నిలబడి ఉన్నారు. చెడింది అంటే, ఏం చెడింది, ఏం వాసన వస్తోంది అని అడుగుతారు. నా దగ్గర ఏమీ లేదు.

"ఎలా ఉందండీ?" అన్నారు మేనేజరు.

"అన్నా," అన్నారు భాయ్ మెల్లగా, "ఇంకోపారి సూడు."

ఆ గుర్తు పెట్టుకున్నాక మూడో మనిషి ముందు ఆయన నోరు తెరవడం అదే మొదటిసారి. నేను ఆయన వైపు చూడలేదు.

"బాగుంది సార్. మస్తుగుంది" అన్నాను.

కూజాలోకి వంపుతున్నంతసేపూ భాయ్ దీపం కదలకుండా పట్టుకున్నారు.

పైన, ముందు ఆమెకే పోయమన్నారు భర్త. రెండు చేతులతో గ్లాసు ఎత్తుకుని ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుంది. "బాగుంది" అన్నది. మందుల వల్ల ఆమెకు రుచీ వాసనా ఎప్పుడో పోయాయని నాకు తర్వాత తెలిసింది. భర్త గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకుని ఆగిపోయారు. నా వైపు చూశారు. ఆయన స్నేహితుడు, ఒక డాక్టరు, అప్పటికే తన గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇది పోయిందండీ. తడిసిన అట్టపెట్టె కంపు. ఎవరు పాస్ చేశారు దీన్ని?" అన్నాడు.

భర్త వద్దన్నట్టు చెయ్యి ఊపారు. కానీ ఆమె విన్నది.

"పోయిందా?" అని అడిగింది భర్తను.

"లేదు. బాగుంది" అని ఆయన తన గ్లాసు ఎత్తి మొత్తం తాగేశారు.

ఆమె కాసేపు ఆయన మొహమే చూసింది. "నా కోసం తాగకండి" అన్నది.

ఆ తర్వాత నిండు గ్లాసులు నేనే తీసుకుపోయాను.

ఆమె మూడు వారాలకు చనిపోయింది. ఇంకో నెలకు భర్త దగ్గరనుంచి హోటలుకు ఉత్తరం వచ్చింది. అందులో కోపం లేదు. ఉండి ఉంటే చదవడం సులువయ్యేది. "చెడిపోయిందని ముందే చెప్పి ఉంటే, ఆ సీసాను అట్లాగే బల్ల మీద పెట్టుకుని, మా అదృష్టం చూసి నవ్వుకుంటూ భోంచేసేవాళ్ళం. అట్లా కాకుండా, మా ఆఖరి పండగ రోజున నేను ఆమెతో అబద్ధం ఆడాను. అది ఆమెకు తెలిసిపోయింది" అని రాశారు.

విచారణ పెట్టారు. జనరల్ మేనేజరు, మా మేనేజరు, సిబ్బంది వ్యవహారాలు చూసే ఒకావిడ, భాయ్, నేను. రెండే ప్రశ్నలు. సీసాను సరిగా దాచలేదా, లేక తెరిచాక సరిగా చూడలేదా.

"రుచి చూడటంలో మాస్టారికి పొరపాటు జరగదండీ, ముప్పై ఏళ్ళ అనుభవం. బహుశా బల్ల దగ్గరికి వెళ్ళాకే చెడు వాసన పైకి వచ్చి ఉంటుంది" అన్నారు మా మేనేజరు. "దాచడంలోనే ఏదో జరిగింది. గత రెండు వేసవుల్లోనూ కింద ఏసీ ఆగిపోయిందని ఈయన పుస్తకంలోనే ఉంది చూడండి."

ఏసీ ఆగిన రోజులు, గంటలు అన్నీ భాయ్ నిజాయితీగా రాసిపెట్టారు. అవసరం లేకపోయినా రాశారు. ఇప్పుడు ఆ పేజీల మీదే వేలు పెట్టి చూపిస్తున్నారు.

తడి అట్టపెట్టె వాసన బిరడా తెగులు వల్ల వస్తుందని, ఏసీకీ దానికీ సంబంధం లేదని ఆ గదిలో బాగా తెలిసింది నాకొక్కడికే. ఒక్క వాక్యం చెప్తే చాలు. అది చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది: అంత స్పష్టమైన వాసన నువ్వెట్లా వదిలేశావు? చెప్పకుండా నా ముందున్న నీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుకున్నాను.

మా మేనేజరు భాయ్ వైపు తిరిగారు. "తెరిచినప్పుడు 'ఇంకోసారి చూడు' అన్నారు కదండీ మీరు. మీకేమైనా తెలిసిందా?"

భాయ్ నా వైపు చూశారు. ఎంతసేపో చెప్పలేను, నాకైతే చాలాసేపు. నేను ఆ గ్లాసు చూస్తూ కూర్చున్నాను.

"నాకేం తెలుస్తది సార్" అన్నారు చివరికి. "నేను తాగెటోన్ని గాదు."

ఆ వారంలోనే ఆయన్ను తీసేశారు. వరండాలో వెనకనుంచి "భాయ్" అని పిలిచాను. ఆయన ఆగారు, కానీ తిరగలేదు. "నమాజ్ టైమ్ అయింది" అని నడిచి వెళ్ళిపోయారు. ఇంగ్లీషులో ఉన్న కాగితాన్ని ఇంట్లో కొడుకు చదివి చెప్పాడట, వైన్ నిల్వలో నిర్లక్ష్యం అని. ఇన్నేళ్ళూ స్టోరులో చేసిన పని ఏమిటో వాళ్ళకు అట్లా తెలిసింది.

భాయ్ లేకుండా నేలమాళిగలో నేను ఒక్క రోజు కూడా పనిచేయలేను. మోకాళ్ళ నొప్పులని చెప్పి, కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పే పనికి మారాను. చివరి ఏడాది అట్లా గడిచిపోయింది. వీడ్కోలు రోజున శాలువా కప్పి, "ఇంతటి ముక్కు మళ్ళీ మన హోటలుకు దొరకదండీ" అన్నారు మేనేజరు. అందరూ చప్పట్లు కొట్టారు. చేతికిచ్చిన గులాబీ గుత్తిని అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఫోటోలో చాలా బాగా వచ్చాను.

భాయ్‌ని మళ్ళీ చూసింది చాంద్రాయణగుట్టలో ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర. మా చుట్టాల పెళ్ళి. ఆయన వాచ్‌మన్ నీలం బట్టల్లో, మెడలో విజిల్‌తో కార్లకు దారి చూపిస్తున్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి సలాం చేసి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు, చాయ్ తెప్పించారు. అన్న తనను అత్తరు దుకాణంలో కూర్చోనివ్వలేదని, శరాబు ముట్టిన చేతులని బస్తీ అంతా అనుకుంటోందని ఎవరిదో సంగతి చెప్పినట్టు చెప్పారు.

"భాయ్, హోటలుకు ఉత్తరం రాస్త. ఉన్నదున్నట్టు రాస్త. తప్పు నాదని రాస్త" అన్నాను.

"ఇప్పుడెందుకన్నా?"

"నీ మీది మచ్చ పోవాలె."

"గట్ల పోదు. ఏం రాస్తవ్ నువ్వు? వాసన నేను జూసిన, ముచ్చట నువ్వు జెప్పినవ్, రెండేండ్లు గిట్లనే నడిపినం అని రాస్తవ్. అంటే ఇద్దరం గల్సి వచ్చినోళ్ళందరిని మోసం జేసినట్టే గదా. ఇయ్యాల నన్ను పని మీద సోయిలేని లాపర్వా మనిషి అంటున్రు. నువ్వు రాసినంక దగాబాజ్ అంటరు. నా పిల్లలు గది గూడ ఇనాలె. వద్దు. లాపర్వానే ఉండనియ్."

"మరి నేనేం జెయ్యాలె?"

"నువ్వు జేసేది గా దినం గా రూమ్ల ఉండె. ఒక్క మాట. నేను మస్తు సేపు జూసిన నీ దిక్కు."

ఆయన గొంతులో కోపం లేదు. ఒక కారు అడ్డంగా ఆగింది. ఆయన విజిల్ వేసుకుంటూ అటు వెళ్ళారు. చాయ్ చల్లారేదాకా కూర్చుని, లోపలికి వెళ్ళకుండానే ఇంటికి వచ్చేశాను.

పోయిన చలికాలంలో గుండె ఆగి చనిపోయారు. నాకు తెలిసేసరికి ఐదు రోజులైంది. ఉత్తరం రాయనని ఆయనకు నేను మాట ఇవ్వలేదు, అయినా రాయలేదు. ఆయన అన్నకు మాత్రం చెప్పాలనిపించింది.

గాజుల దుకాణాలు దాటి, ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు పక్కకు తప్పుకోవలసిన సందులో ఉంది ఆ దుకాణం. మూడు మెట్లు, పైన తెల్లటి పరుపు, గోడ నిండా వేలెడంత సీసాలు. అన్నకు డెబ్భై దాటి ఉంటాయి. నేను ఎవరో చెప్పాను. మెట్ల మీద నిలబడే మొత్తం చెప్పాను, నా జ్వరం దగ్గరనుంచి ఆ గదిలో నీళ్ళ గ్లాసు దాకా. మీ తమ్ముడు ఒక్క చుక్క కూడా తాగలేదని, తప్పంతా నాదని చెప్పాను. ఆయన ఒక సీసాను గుడ్డతో తుడుస్తూనే విన్నారు.

"పైకి రాండ్రి, కూసోండ్రి" అన్నారు. నేను కూర్చున్నాక, "తాగలేదని నాకెరుకే. వాని సంగతి నాకు తెల్వదా. ఈడ ఎందుకు కూసోనియ్యలేదో మీకు జెప్పిండా?" అని అడిగారు.

"శరాబు ముట్టిన చేతులని..."

"గట్ల అందరికి నేనే చెప్పుకున్న."

చేతిలోని సీసాను దాని స్థానంలో పెట్టి, మళ్ళీ తీశారు.

"నౌకరి పోయినంక వారం దినాలు ఈడనే కూసున్నడు. మంచిగనే ఉండె. ఒక దినం గిరాకి వచ్చి పాత ఊద్ అత్తరు అడిగిండు. నేను సీసా తీసిన. వీడు వాసన జూసి, గిరాకి ముందట్నే, 'భాయిజాన్, ఇండ్ల కల్తీ ఉంది, ఇయ్యకు' అన్నడు. గిరాకి లేశి పోయిండు. నేను మస్తు తిట్టిన. శరాబు సీసాల నడుమ నీ ముక్కు ఖరాబైంది, మళ్ళ ఈ మెట్లు ఎక్కకు అని ఎల్లగొట్టిన."

ఆయన చేతిలోని సీసా మూత తిప్పి మళ్ళీ బిగించారు.

"ముక్కు ఖరాబు గాలే. కల్తీ ఉండె. నేను తెలిసే అమ్ముతున్న."

 సందులోంచి ఎవరో గిరాకి మెట్ల దగ్గర ఆగి, "దుకాణ్ ఖుల్లీ హై క్యా?" అని అడిగాడు, తెరిచే ఉందా అని. అన్న తల ఎత్తకుండా ఆ సీసాను గుడ్డతో తుడుస్తూనే ఉన్నారు. అతను కాసేపు చూసి, పక్క దుకాణానికి వెళ్ళిపోయాడు.